పంచె కట్టారు సరే, చేతికి ఏమిచ్చారు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక పంచెల ఫంక్షన్ ఫొటో వచ్చింది. పదకొండేళ్ల పిల్లవాడు పూలు కట్టిన జీపు మీద నిలబడి ఉన్నాడు. పైన డ్రోన్, పక్కన రంగుల పొగ, వెనక తాతముత్తాతల ఫ్లెక్సీ. మా వీధిలో ఆ పేజీ అందరి చేతులూ తిరిగింది. మర్నాడు పాలకేంద్రం దగ్గర ఇద్దరు తల్లులు తమ పిల్లలకూ వేసవిలో అలాగే చేయాలని మాట్లాడుకుంటుంటే విన్నాను. అందులో ఒకామె భర్త మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ముఖ్యంగా ఆ తల్లి కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు అచ్చు వేస్తే ఆమె చదువుతుంది.

ముందే ఒక మాట చెబుతాను. ఇలాంటి వేడుకలు వద్దనేదాన్ని కాను నేను. పిల్లలు పెద్దవాళ్లయ్యే గడప దగ్గర ఇంటిపెద్దలు, ఊరిపెద్దలు నిలబడి చెయ్యందించాలి. అలా చెయ్యందించేవాళ్లు లేక పాతికేళ్లొచ్చినా అటూ ఇటూ కాకుండా మిగిలిపోతున్న పిల్లలను ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగంలో ఎంతమందినో చూశాను. ఆ ఆచారం మళ్లీ బతకాలి. అయితే మనం ఇప్పుడు బతికించుకున్నది దాని బట్టలూ భోజనాలూ మాత్రమే. పూర్వం కొన్ని ఇళ్లలోనైనా ఆ రోజున పిల్ల చేతికో, పిల్లవాడి చేతికో ఒక బాధ్యత అప్పగించేవారు. అది పోయింది.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. 1984 నుంచి 2019 జూన్‌లో రిటైరయ్యేదాకా ప్రభుత్వ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను.

1972లో ఎనిమిదో తరగతి చదువుతుండగా నేను పెద్దమనిషినయ్యాను. వసారా మూలన ఈతచాప పరిచి కూర్చోబెట్టారు. కంచం వేరు, చెంబు వేరు. నా దగ్గరికి రానివ్వడం లేదని మా చెల్లెలు ఏడ్చేది. రోజూ నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి, ఎండుకొబ్బరి, నెయ్యి వేసిన పులగం పెట్టేవారు. సాయంత్రాలు పేరంటాళ్లు వచ్చి పాటలు పాడి వెళ్లేవారు. మేనమామ తెనాలి నుంచి ఆకుపచ్చ చీర తెచ్చాడు. పదకొండో రోజున స్నానం, హారతి, భోజనాలు. ఈలోగా క్వార్టర్లీ పరీక్షలు అయిపోయాయి. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చేదాన్ని. ఆ పరీక్షల రిజిస్టరులో నా పేరు పక్కన ఆబ్సెంటు అని పడింది.

అందరూ "పెద్దమనిషి అయింది" అంటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఎందుకంటే మా ఊళ్లో పెద్దమనిషి అన్న మాటకు ఇంకో అర్థం కూడా నాకు తెలుసు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా రావిచెట్టు కింద కూర్చుని మాట చెప్పే మనిషి. ఆ మాట నాకూ వచ్చింది కదా అనుకున్నాను. స్నానం చేయించిన మర్నాడు నాన్నావాళ్లు నడవాలో కూర్చుని పొలం పంపకాల సంగతి మాట్లాడుకుంటుంటే వెళ్లి ఓ పక్కన కూర్చున్నాను. "ఆడపిల్లవి, నీకిక్కడేం పని? లోపలికి పో" అన్నారు. లేచి వెళ్లిపోయాను. ఇప్పటికి యాభై ఏళ్లు దాటినా ఆ నడవా స్తంభం, నేను వెనక్కి వేసిన అడుగులు నాకు గుర్తే.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. ఆమెకు పదేళ్లకే పెళ్లయింది. సంతకం చేయడం రాదు. మా నాలుగు గేదెల పాలు పదహారు ఇళ్లకు పోసేది. లెక్కంతా గోడ మీద బొగ్గు గీతల్లో, ఆమె బుర్రలో ఉండేది. నా చేతిలో ఒక నల్ల అట్ట పుస్తకం, భోషాణం తాళంచెవి పెట్టింది. "రేపటి నుంచి పాల లెక్క నీదే. గిద్దెడు తేడా వచ్చినా నువ్వే జవాబు చెప్పాలి. చంటిపిల్లలున్న ఇంటికి మాత్రం డబ్బు రాలేదని పాలు ఆపకు" అంది. మొదటి నెలలోనే రెండు రూపాయల ఎనభై పైసలు తేడా వచ్చింది. నాయనమ్మ తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని పదహారు ఇళ్లకూ తిప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో నా చేతే కనుక్కునేలా చేసింది, నా చేతే ఒప్పుకునేలా చేసింది. నేను నిజంగా పెద్దదాన్నయింది ఆ పదహారు గడపలు ఎక్కి దిగిన రోజునే.

అన్నయ్యది అంతకు ముందు ఏడాది. వాడికి పదిహేడేళ్లు. ఏరువాక పున్నమి తెల్లవారుజామున ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, కాడికి పసుపు రాసి బొట్లు పెట్టారు. అప్పటిదాకా లాగులు తొడుక్కుని తిరిగే అన్నయ్యకు నాన్న కొత్త పంచె అంచులకు పసుపు అద్ది కట్టాడు. పొలం గట్టున కొబ్బరికాయ కొట్టాక తాత వాడి చేత మేడి పట్టించి, ముల్లుకర్ర చేతికిచ్చాడు. మొదటి చాలు పాములా వంకర పోయింది. పక్క చేలల్లో రైతులు పని ఆపి చూశారు గానీ ఒక్కరూ నవ్వలేదు. మూడో చాలు తిన్నగా వచ్చింది. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న మొదటిసారి వాడి సలహా అడిగాడు. "ఏరా, ఈ ఏడు కాలువ కింద చేలో అక్కుళ్లు వేద్దామా, మసూరి వేద్దామా?" అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు ఆలోచించాడు.

ఆ తర్వాత మాకు నీళ్ల వంతు వచ్చిన రాత్రి నాన్న పారా లాంతరూ వాడికిచ్చి "నువ్వు వెళ్లు" అన్నాడు. రాత్రంతా మడవ దగ్గర వాడొక్కడే. తెల్లారేసరికి చేను నిండితే పేరు వాడిది, నిండకపోతే మాట పడేదీ వాడే. చేను నిండింది. ఆ రాత్రి నాన్న ఇంట్లో పడుకోలేదని, కాలువ గట్టు అవతల తుమ్మచెట్టు చాటున తెల్లవార్లూ కూర్చుని ఉన్నాడని అమ్మ మాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అన్నయ్యకు ఇప్పుడు డెబ్బయి ఒకటి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వాడి కళ్లు చెమరుస్తాయి.

తెలుగు టీచరును కాబట్టి మాటల గురించి ఆలోచించడం నాకు అలవాటు. ఆడపిల్ల ఒళ్లు ఎదిగితే "పెద్దమనిషి" అంటాం. మగపిల్లవాడికి పని చేతనయితే "ప్రయోజకుడు" అంటాం. ఒకరికి ఒంటిని చూసి ఇచ్చిన పేరు, ఇంకొకరికి పనిని చూసి ఇచ్చిన పేరు. నాయనమ్మ ఆ రోజు నాకు రెండో పేరు కూడా ఇచ్చింది. మన పిల్లలకు, ఆడయినా మగయినా, రెండు మాటలూ పూర్తి అర్థంతో దక్కాలి. నేను అడుగుతున్నది ఇదే.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాకు పద్దెనిమిదేళ్లు. దివిసీమలో జరిగిన ఘోరం అందరికీ తెలుసు. మా వైపు తీరం ఊళ్లకూ దెబ్బ తగిలింది. కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు మా ఊరి బడిలో గంజి కాచారు. బియ్యం బస్తాలు వస్తున్నాయి, లెక్క రాసేవాళ్లు లేరు. "మా పిల్ల రాస్తుంది" అంది నాయనమ్మ. ఇరవై రెండు రోజులు రాశాను. అన్ని వీధుల వాళ్లూ ఒకే గాడిపొయ్యి దగ్గర వండారు, ఒకే వరసలో తిన్నారు. ముట్టయినవాళ్లు పక్కన కూర్చోండని ఎవరూ అనలేదు. ఆ రోజు నన్ను నడవాలోంచి లేపేసిన పెద్దల్లో ఒకాయన వచ్చి, "అమ్మాయ్, ఇంకెన్ని బస్తాలున్నాయి? ఎన్నాళ్లు వస్తాయంటావు?" అని అడిగాడు. నాలుగు రోజులు వస్తాయని చెప్పాను. ఆయన నా మాట మీద రేపల్లెకు బండి కట్టించాడు.

పాత ఆచారాలు మళ్లీ రావాలి అంటే అన్నీ రావాలని కాదు. నాయనమ్మ కాలంలో పిల్ల పెద్దమనిషి అయినప్పుడు సమర్త వేడుక ఎందుకు చేసేవారో దాచుకోవాల్సిన పని లేదు. చిన్నప్పుడే పెళ్లయిన పిల్ల ఇక కాపురానికి సిద్ధమైందని, పెళ్లి కాని పిల్లయితే సంబంధాలు చూడొచ్చని నలుగురికీ తెలియడానికి. పెళ్లి నాటికి ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం అమల్లోకి వచ్చిందే 1930లో. ఇప్పుడు చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాలి. అయినా అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వయసు స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నా క్లాసులోనే ఓణీల ఫంక్షన్ అయిన ఏడాదికి, రెండేళ్లకు బడి మానేసిన పిల్లలున్నారు. ఆరో తరగతి పిల్ల ఒంట్లో వచ్చిన మార్పును నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టి చెప్పడం ఆ పిల్లకు ఎంత ఇబ్బందో ఆ పిల్లలే నాకు చెప్పుకున్నారు. ఒకమ్మాయి ఆ ఫ్లెక్సీ తీసేసేదాకా, అంటే పదమూడు రోజులు, బడికి రాలేదు. మూల కూర్చోబెట్టడం, మైల, ఫ్లెక్సీ, ఇవి వద్దు. చిమ్మిలి పెట్టండి, ఆ వయసులో ఒంటికి మంచిది. ఆ నెలసరి ఏమిటో తల్లి పక్కన కూర్చుని చెప్పాలి. అది ఇంట్లో జరగాల్సిన పని. ఊరంతా కలిసే వేడుకను పద్దెనిమిదేళ్లకు జరపండి.

ఉపనయనం సంగతీ అంతే. అందులో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం భిక్ష. "భవతి భిక్షాం దేహి" అని పిల్లవాడు మొదట తల్లి ముందే చెయ్యి చాపుతాడు. నిన్నటిదాకా అడక్కుండానే అన్నం పెట్టిన తల్లిని ఇవాళ అడగాలి. తిండి ఊరికే రాదని అంతకంటే బాగా ఎలా చెబుతాం? కానీ అది కొన్ని కులాలకే, మగపిల్లలకే పరిమితం. ఇప్పుడు చాలా ఇళ్లలో పెళ్లికి ముందురోజు వడుగు చేస్తున్నారు. చదువు ముగిసిందని గుర్తుగా చేసే స్నాతకం కూడా పెళ్లి తంతులో పావుగంటకు కుదించుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడికి చదువు మొదలుపెట్టే సంస్కారం, ముగించే సంస్కారం ఒక్క రోజు తేడాలో జరుగుతున్నాయి. ఇక పంచెలు, ఓణీల ఫంక్షన్లకు పిలుపులు కులం దాటి వెళ్లడం మా వైపు అరుదు. భార్య పోయినవాళ్లు అక్షింతలు వేయవచ్చు గానీ భర్త పోయినవాళ్లు వేయకూడదట. మావారు పోయి పద్నాలుగేళ్లయింది. మా మనవడి వరస పిల్లవాడి పంచెల ఫంక్షన్‌లో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, వేదిక మీదికి మాత్రం పిలవలేదు. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ఆ రోజు నేను భోజనం చేయకుండా వచ్చేశాను.

ఆ ఫంక్షన్‌కు అయిన ఖర్చు మూడు లక్షల పైచిలుకు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు పంటలు పోయాయి, ఇంకా తీరలేదు. వచ్చినవాళ్లు చదివించిన ఉంగరాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి.

ఇక పద్దెనిమిదేళ్లు రాకముందే మనం పిల్లవాడికి అప్పగిస్తున్నది ఒక్కటే: బండి తాళం. 2016లో నా పదో తరగతి పిల్లవాడొకడు పుట్టినరోజుకు కొనిపెట్టిన బండి మీద కాలువ కట్ట మలుపులో పోయాడు. పదహారేళ్లు కూడా నిండలేదు. వాడు రాసిన చివరి వ్యాసం నేను దిద్దకుండా ఉండిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టం అంత గట్టిగా ఉన్నా సాయంత్రం మా ఊరి రోడ్డు మీద నిలబడితే ముగ్గురేసి పిల్లలతో బండ్లు పోతూనే ఉంటాయి. తండ్రులను అడిగితే "పెద్దోడయ్యాడు కదండీ" అంటారు. పెద్దవాడయ్యాడని ఎలా తెలిసింది? ఒకపూట అన్నం వండాడా? మంచాన పడ్డ తాతకు నీళ్లు పోశాడా? ఒక తప్పు చేసి, నలుగురి ముందు ఒప్పుకున్నాడా?

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్లు ఓణీల వేడుకలు పెద్ద హాళ్లు తీసుకుని చేస్తారు. మా మనవరాలికి పదమూడు వచ్చాయి, మాకూ చేద్దామని ఫోన్ చేసింది. ఆ మాటల మధ్యలో మనవరాలు ఫోన్ లాక్కుని ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల క్లాసులో ఒక యూదుల అమ్మాయి ఉందట. ఆ పిల్లకు బాట్ మిత్జ్వా జరిగింది. అంటే యూదుల ఇళ్లలో ఆడపిల్లకు పన్నెండో పదమూడో ఏట చేసే వేడుక. మగపిల్లవాడికైతే పదమూడో ఏట చేస్తారు. ఆ పిల్ల నెలల తరబడి హీబ్రూ నేర్చుకుని, వాళ్ల ధర్మగ్రంథం తోరాలో ఒక భాగాన్ని అందరి ముందూ పైకి చదివి, దాని మీద తనకు తోచిన నాలుగు మాటలు చెప్పిందట. "అమ్మమ్మా, నా ఫ్రెండ్ ఏడాది ప్రిపేర్ అయింది. నేనేం నేర్చుకోవాలి?" అంది మా మనవరాలు. నా దగ్గర జవాబు లేదు. చీర రంగు ఏదైతే బాగుంటుందో అప్పటిదాకా మాట్లాడుతున్నాం.

ఆ ఫోన్ తర్వాతే నేను ఊళ్లో కదిలాను. సర్వీసులో ఉండగా కొన్నేళ్లు బీఎల్ఓగా, అంటే ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా పనిచేశాను కాబట్టి ఏ ఇంట్లో ఎవరికి పద్దెనిమిది నిండుతోందో కనుక్కోవడం నాకు తెలుసు. ఆ ఏడాది మా ఊళ్లో పది మంది తేలారు. అయిదుగురు అమ్మాయిలు, అయిదుగురు అబ్బాయిలు. అన్ని వీధుల పిల్లలూ ఉన్నారు. ఒక్కొక్కరికి సొంత ఇంటివాళ్లు కాని ఒక పెద్దను తోడు పెట్టాం. సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా ఏడాది గడువు. ఏ పని భుజానికెత్తుకుంటారో పిల్లలే చెప్పాలి. నలుగురైదుగురు మొదట్లో నవ్వారు. రెండు నెలలు ఎవరూ ఏమీ చేయలేదు. నాకు నిద్ర పట్టేది కాదు.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. బట్టలు కుట్టే ఆయన కొడుకు ఒకడున్నాడు, ఎప్పుడూ వంటింటి గడప తొక్కినవాడు కాదు. తల్లికి గర్భసంచి ఆపరేషన్ అయితే నలభై రోజులు వాడే వండాడు. మొదటి వారం అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. మూడో వారానికి పప్పుచారు పెట్టడం వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు కూర వాడిదే. ఇంకో అబ్బాయిది చేపలు పట్టే కుటుంబం. ఈత బాగా వచ్చు. ఏటా కాలువలో పిల్లలు పోవడం మేం చూస్తూనే ఉన్నాం. వాడు వేసవిలో నడుముకు తాడు కట్టి, ట్యూబులు వేసి ఎనిమిది మంది చిన్నపిల్లలకు ఈత నేర్పాడు. అందులో ముగ్గురు ఆడపిల్లలు.

అందరికంటే కష్టపడింది ఒక అమ్మాయి. తండ్రి పోయి ఆరేళ్లయినా ఎకరం ముప్ఫై సెంట్లు ఆయన పేరు మీదే ఉన్నాయి. తల్లికి ఆఫీసుకు వెళ్లడం భయం. భూమి ఎవరి పేరున ఉందో చెప్పే 1-బి అంటే ఏమిటో, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే అడంగల్ అంటే ఏమిటో ఈ పిల్ల మా అన్నయ్య దగ్గర నేర్చుకుంది. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకుంది. మ్యుటేషన్ కోసం, అంటే రికార్డుల్లో పేరు మార్పించడానికి, ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ఒకసారి "ఎవరైనా మగవాళ్లను తీసుకురా" అన్నారట. "మా ఇంట్లో పెద్ద నేనేనండీ" అని చెప్పి అక్కడే బెంచీ మీద కూర్చుందట. చివరికి పాసు పుస్తకం తల్లి పేరు మీద వచ్చింది. ఆ రాత్రి తల్లీకూతుళ్లు దాన్ని తీసుకుని మా ఇంటికి వచ్చారు.

ఒకబ్బాయి మాత్రం మధ్యలో వదిలేశాడు. సంక్రాంతికి వారం ముందు వచ్చి "నేను ఏమీ చేయలేదు మేడం, అబద్ధం చెప్పలేను" అన్నాడు. వచ్చే ఏడాది పిల్లలతో కలిసి చేయమన్నాం. ఇప్పుడు చేస్తున్నాడు.

ముక్కనుమ నాడు పొద్దున బడి వరండాలో వేడుక పెట్టాం. పండక్కి బయటి ఊళ్ల నుంచి అందరూ వచ్చి ఉంటారు కాబట్టి ఆ రోజు ఎంచుకున్నాం. అబ్బాయిలు మంగళగిరి నేత పంచెలు, అమ్మాయిలు అదే నేత చీరలు. తొమ్మిది మందికీ ఒకటే జంపఖానా. మొదటి అక్షింతలు మా ఊళ్లో అందరికంటే పెద్దావిడ చేత వేయించాం. ఆమెకు ఎనభై ఏడేళ్లు, ముప్ఫై ఏళ్ల కిందట భర్త పోయాడు. ఆమె చెయ్యి వణికింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. ఒక్కొక్కరూ లేచి తాము ఏం చేశారో, ఎక్కడ తప్పు చేశారో చెప్పారు. తోడున్న పెద్దలు తలా ఒక వస్తువు ఇచ్చారు. ఈత నేర్పిన అబ్బాయికి కొత్త మోకుతాడు, వండిన అబ్బాయికి ఇనప మూకుడు, పొలం పని చేసిన అమ్మాయికి పార. ఆమెకు పార ఇచ్చింది అన్నయ్య. తర్వాత సర్పంచ్ గారు తొమ్మిది మంది పేర్లూ పైకి చదివి, ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ రాజ్యాంగం ప్రకారం గ్రామసభ సభ్యులేనని చెప్పారు. వెంటనే ఒక సంగతి వాళ్ల ముందు పెట్టారు. కాలువ గట్టున చెత్త పోస్తున్నారు, ఏం చేద్దాం? పారతో ఉన్న అమ్మాయే ముందు లేచింది. అరగంట మాట్లాడుకున్నారు. ఊళ్లో పెద్దలు అడ్డు రాకుండా విన్నారు. నడవాలోంచి లేచి వెళ్లిన పదమూడేళ్ల పిల్ల నాకు గుర్తుకొచ్చింది, కళ్లు తుడుచుకున్నాను.

పులిహోర, గారెలు, కోడికూరతో రెండు వందల మందికి భోజనాలు పెట్టాం. బియ్యం, కోళ్లు ఊళ్లోవాళ్లే ఇచ్చారు. బట్టలు ఎవరివి వాళ్లు కొనుక్కున్నారు. చేతి నుంచి పెట్టుకున్నది 14,600 రూపాయలు. ఫ్లెక్సీ వేయలేదు.

నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. ఎన్నికల సంఘం ఏర్పడిన జనవరి 25ను 2011 నుంచి జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు బడుల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు, కొత్త ఓటర్లకు కార్డులిస్తారు, పది నిమిషాల్లో అయిపోతుంది. నేనే ఎన్నోసార్లు చేయించాను. సంక్రాంతికి అది పది రోజుల దూరంలోనే ఉంది. ప్రతి పంచాయతీ, పట్నాల్లో ప్రతి వార్డు ఆ ఏడాది ఓటరైన పిల్లలందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి, వాళ్ల మాట వినవచ్చు. జపాన్‌లో ఊరూరా స్థానిక సంస్థలే ఇలా యువతను పిలిచి గౌరవిస్తాయి. అక్కడ అందుకోసం జనవరి రెండో సోమవారం సెలవు కూడా ఇస్తారు. మనకు పండగ సెలవులు ఎలాగూ ఉన్నాయి. పదిహేడు నిండిన పిల్లలు ఓటుకు ముందస్తుగా దరఖాస్తు చేసుకునే వీలుంది కాబట్టి, ఆ దరఖాస్తు నింపిన రోజునే ఏడాది పని మొదలుపెట్టించవచ్చు.

పాలకేంద్రం దగ్గర విన్న ఆ తల్లికి ఒక మాట. అమ్మా, నీ కొడుకుకు పదకొండేళ్లే. పంచె కట్టాలని ఉంటే ఇంట్లో కట్టు, పాయసం చేసి పెట్టు, నీ చేత్తో ఫొటో తీసుకో. అప్పు చేయకు. ఏడేళ్ల తర్వాత ఊరంతా వాడికి అక్షింతలు వేస్తుంది. ఈలోగా వాళ్ల నాన్నతో పాటు ఒక రాత్రి నీళ్ల వంతుకు పంపు.

మీ పత్రికకూ ఒక విన్నపం. పంచెల ఫంక్షన్ ఫొటోలు వేసే చోటే, ఏదైనా ఊళ్లో ఇలాంటి ప్రయత్నం జరిగితే ఆ వార్త కూడా వేయండి. వేరే ఊళ్లవాళ్లు ఎలా చేస్తున్నారో తెలిస్తే మా తప్పులు మేం దిద్దుకుంటాం. మా రెండో ఏడాది జాబితాలో పన్నెండు మంది ఉన్నారు. అందులో ఇద్దరు హైదరాబాద్‌లో హాస్టల్లో చదువుతున్నారు, వాళ్లకు తోడు పెద్దలను ఎలా కుదర్చాలో మాకింకా తేలలేదు.

మా మనవరాలి వేడుక వచ్చే డిసెంబరుకు వాయిదా పడింది. వాళ్లు ఇక్కడికే వస్తారు. ఏం నేర్చుకోవాలని అడిగింది కదా, ఏడాది పాటు వాళ్లింటి సరుకుల లెక్క రాయమన్నాను, తెలుగులో. మొదటి నెల కాగితం పోస్టులో వచ్చింది. పాలకు దీర్ఘం మరిచిపోయింది, కూడికలో పదకొండు డాలర్ల తేడా ఉంది. తప్పు ఎక్కడుందో నేను చెప్పలేదు. వెతుకుతోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
రేపల్లె మండలం, బాపట్ల జిల్లా.